గుండురాయుడి సన్మానం

సున్నపురాతి గుహలో ఒక నీటిగుంట ఉండేది. పైనుంచి చుక్కలు పడి గుంట నిండేది, నిండి అంచు మీదుగా పొర్లేది. పొర్లిన చోటల్లా నీళ్లలోని సున్నం పేరుకుని రాయయ్యేది. గుంట చుట్టూ గట్టు అలా దానంతటదే లేచింది.

అది చూసి గుండురాయుడనే కప్ప ప్రాణం ఉసూరుమనేది. "నీళ్లన్నీ నేలపాలు! పట్టించుకునే నాథుడే లేడు!" అంటూ, ధార ఎక్కువగా ఉన్న చోట గట్టు మీద బిర్రుగా కూలబడ్డాడు. అక్కడ ధార ఆగిపోయింది. రాయుడి పొట్ట ఉబ్బింది.

"లే మావా. పొర్లితేనే గదా గట్టు పెరిగేది," అంది పీతమ్మ.

"అడ్డంగా నడిచేదానివి, నాకు చెప్పొచ్చావా?"

ఏళ్లు గడిచాయి. మిగతా అంచంతా పొర్లుతూ పొర్లుతూ గట్టు బాగా ఎత్తయింది. నీళ్లు రాయుడి మెడదాకా వచ్చాయి.

"చూశారా, అంతా నా చలవే!" అన్నాడు రాయుడు.

గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూనే చప్పట్లు కొట్టాయి. సన్మానం పెట్టాయి. ఉపన్యాసాలయ్యాక బూజుతో నేసిన శాలువా తెచ్చి, "రాయుడుగారూ, ఒక్కసారి లేచి నిలబడండి," అన్నాయి.

శాలువా అంటే ఆగగలడా? రాయుడు లేచాడు.

అంతే! అన్నేళ్లుగా పెరిగిన నీళ్లన్నీ అతని కిందనుంచి భళ్లున దూకి, రాయుణ్ణీ శాలువానూ కలిపి ఈడ్చుకుపోయి బురదలో పడేశాయి.

పీతమ్మ గట్టు వైపు చూసింది. చుట్టూ నిండుగా ఉంది గానీ, ఒక్కచోట మాత్రం అచ్చం రాయుడి పిరుదులంత గండి.

"గట్టంతా నీళ్లే కట్టుకున్నాయి మావా. నువ్వు కట్టింది అదొక్కటే," అంది.