బోరింగు వాళ్ళమ్మ

చేతిపంపు రెండు గుటకలు మింగి, భళుక్కున నీళ్ళు కక్కింది.

మిషన్ అనాథాశ్రమం పిల్లలు నలభై మందీ ఈలలు, కేకలు. అందరూ తల్లీతండ్రీ లేనివాళ్ళే. ఇద్దరిలో ఒక్కరు బతికున్నా ఇక్కడ చేర్చుకోరు.

ఏనాడో మూలనపడ్డ బోరింగును మూడు వారాల్లో బాగుచేసింది హానెకె. హాలండ్ నుంచి ఏడాది సేవకని వచ్చి, నాలుగు నెలల్లో భాష కూడా పట్టేసిన గట్టి పిండం.

"ఓసి నీ దుంపతెగ! ముగ్గురు మొగాళ్ళ వల్ల కానిది చేశావే!" వంట చేసే కిదేగా వాళ్ళమ్మ బుగ్గలు నొక్కుకుంది.

కిట్‌గుమ్ జిల్లాలో పిల్లలున్న వాళ్ళను పేరు పెట్టి పిలవరు. బిడ్డ పేరుతోనే పిలుస్తారు.

"మరి నన్నేమని పిలుస్తారు? నాకు పిల్లల్లేరుగా!"

"ఇవాల్టి నుంచి నువ్వు బోరింగు వాళ్ళమ్మవి, పో!"

హానెకె పొంగిపోయింది.

అంతలో గేటు దగ్గర సైకిల్ గంట మోగింది. ఒజారా వచ్చాడు. సైకిల్ మీద నాలుగు పసుపు క్యాన్లు. ఆరేళ్ళుగా కొండ కింద వాగు నుంచి మిషన్‌కు నీళ్ళు మోస్తున్నాడు. బదులుగా తినేది ఒక రాగిముద్ద, కాస్త పుల్లకూర.

భార్యాబిడ్డలు లేరంటారు. అందుకే ఊరంతా ఒజారా అనే పిలుస్తుంది.

రోజూలాగే మొదటి క్యాన్ మూత తీసి, ముందు పళ్ళూడిన లమారో మొహం కడిగాడు. ఆ పిల్ల సైకిల్ గంట మోగించి కిలకిలా నవ్వింది.

"ఒజారా, ఇక నీకీ తిప్పలు లేవు. పంపు బాగయింది!" అంది హానెకె.

ఒజారా పంపు వైపు చూశాడు. అతనికి సంతోషం కలగలేదు.

"ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయమ్మా."

"పరీక్ష చేశాను. బాగున్నాయి."

"రోజూ ఒక్క క్యాన్ తెచ్చిచ్చి పోతాను."

"ఎందుకు, పారబొయ్యడానికా?"

"పోనీ, కట్టెలు కొడతాను. ముద్ద కూడా వద్దు."

"కట్టెలకు మనిషి ఉన్నాడుగా. పని లేనివాళ్ళు గేటు లోపలికి రాకూడదని రూలు. నేను పెట్టింది కాదు. హాయిగా ఇంటి పట్టున ఉండు."

ఒక ముసలి ప్రాణానికి మేలు చేశాననే అనుకుంది హానెకె.

కిదేగా వాళ్ళమ్మ ఏదో అనబోయింది. ఒజారా వద్దన్నట్టు తల ఊపాడు.

"రేపు కూడా గంట కొట్టనిస్తావా?" అడిగింది లమారో.

ఒజారా సైకిల్ గంట ఊడదీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

మర్నాడు లమారో మొహం కడుక్కోలేదు. గేటు దగ్గర కూర్చుని గంట మోగిస్తూనే ఉంది.

"రావే, నేను కడుగుతాను. బోలెడు నీళ్ళు!"

"ఉహూఁ. ఒజారానే కడగాలి."

"మొండిఘటం!" హానెకె నవ్వేసింది.

మూడో రోజు పొద్దున, దక్షిణాన చెరకు తోటలకు వెళ్ళే కూలీల లారీ మిషన్ ముందు నుంచి పోయింది. అది ఎక్కినవాళ్ళు ఏళ్ళకు గానీ తిరిగిరారు. లారీ మీద క్యాన్లు లేని సైకిల్ ఒకటి కట్టి ఉంది. దాని పక్కన కూర్చున్న ఒజారా గేటు వైపే చూస్తున్నాడు.

"అరె, చెప్పాపెట్టకుండా పోతున్నాడే!" అంది హానెకె. "పోనీలే. ఇక్కడ మాత్రం అతనికెవరున్నారు?"

కిదేగా వాళ్ళమ్మ చేతిలోని గరిటె కిందపడింది. ఇక ఆమె వల్ల కాలేదు. చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది.

లారీ అప్పటికే మలుపు తిరిగింది.

ఆరేళ్ళుగా నోట రానివ్వని పిలుపుతో, ఆ దుమ్ములో నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"దిగవయ్యా! లమారో వాళ్ళ నాన్నా... దిగవయ్యా!"