మలుపు మీది కాగితంపూలు

ఎవరో మళ్ళీ కాగితంపూల చెట్టును కత్తిరించారు.

ఇంటి వైపు ముట్టుకోలేదు. గోడ దాటి రోడ్డు మలుపు మీదికి వాలిన వైపే కోశారు. కింద ఒక్క ఆకు లేదు. కోసినవాడు ఊడ్చి మరీ వెళ్ళాడు.

"ఏ దొంగ వెధవో!" అంది తల్లి.

"దొంగయితే ముళ్ళకొమ్మలు ఎత్తుకెళ్ళి ఏం చేసుకుంటాడే?" అన్నాడు భర్త. "పోనీలే, రోడ్డుకు అడ్డమొస్తోంది. తగ్గితే మంచిదేగా."

"ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను."

ఆయనే ఊరుకున్నాడు. ఆ చెట్టు జోలికి వెళ్ళే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అది కొడుకు నాటింది. కొడుకు పోయాడు, చెట్టు మిగిలింది. గాలికి కొమ్మ గోడను రాసుకుంటే, వాడే చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్నాడని ఇప్పటికీ ఆమె లేచి తలుపు తీస్తుంది.

కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపు కాసింది. ఒకరోజు పాలవాడి కంటే ముందే కత్తెర చప్పుడు వినపడింది.

గేటు అవతల నెరిసిన గడ్డం మనిషి. ముళ్ళు గీరుకుని చేతులు నెత్తురోడుతున్నా అతనికి పట్టినట్టు లేదు.

"ఎవరివయ్యా నువ్వు? ఎవరి చెట్టనుకుని కోస్తున్నావ్?"

మనిషి కొయ్యబారిపోయాడు.

"నోట్లో నాలుక లేదా? మా వాడు నాటిన చెట్టిది. కొమ్మ తెగితే వాడి వేలు తెగినట్టుంటుంది నాకు. మళ్ళీ ముట్టుకున్నావంటే నా శవాన్ని చూస్తావ్!"

కత్తెర అతని చేతిలోంచి జారిపడింది. రెండు చేతులూ జోడించాడు. ఒక్క మాటైనా అనకుండా, కత్తెర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

"పీడ విరగడైంది," అంటూ ఆమె కత్తెరను మెట్ల కింద పడేసింది.

వానలు పడ్డాయి. చెట్టు విరగబూసింది. మలుపంతా ఎర్రటి పూలతో మూసుకుపోయింది. చూసి తల్లి కడుపు నిండింది.

ఓ మధ్యాహ్నం గోడ అవతల బ్రేకులు కీచుమన్నాయి. వెంటనే పిల్ల ఏడుపు.

ఆమె పరుగెత్తింది. పక్కింటి పాప సైకిలు వ్యాను కింద నలిగిపోయి ఉంది. పాప మాత్రం ఇవతలికి పడింది. మోకాలు కొట్టుకుపోయింది, అంతే.

వ్యాను డ్రైవరు కిందికి దూకాడు.

"చెట్టు అడ్డమొచ్చిందమ్మా... పిల్ల కనపడలేదు."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. ఇదే మలుపులో కొడుకును గుద్దిన లారీ డ్రైవరు, కోర్టులో ఇదే అన్నాడు. నా బిడ్డ నాటిన చెట్టు మీదే నెపం తోస్తావా అని ఆరోజు శాపనార్థాలు పెట్టింది. వాడి మొహం చూస్తే పాపమని తలెత్తలేదు. కానీ ఆ గొంతు ఇన్నేళ్ళయినా ఆమె చెవిని వదల్లేదు.

మెట్ల కింది కత్తెర తీసింది. ఏడుస్తూనే కోసింది. మలుపు అవతలి రోడ్డు కనపడేదాకా ఆపలేదు. భర్త వచ్చి తెగిన కొమ్మల్ని ఒక్కొక్కటే ఏరాడు.

తర్వాత కత్తెర పట్టుకుని వీధి మూలనున్న టైలరు దగ్గరికి వెళ్ళింది.

"పొద్దున్నే మా చెట్టు కోసేవాడే, ఆ గడ్డపాయన... ఎక్కడుంటాడన్నా? ఇది ఇచ్చేయాలి. నోటికొచ్చినట్టు తిట్టాను."

టైలరు మిషను ఆపాడు.

"పోయాడమ్మా. వానల్లోనే."



"అయ్యో... అన్ని మాటలన్నా తిరిగి ఒక్క మాట అనలేదు. మూగవాడు కదూ, పాపం?"

టైలరు ఆమె చేతిలోని కత్తెర అందుకున్నాడు.

"మూగేం కాదమ్మా. గొంతు వింటే మీరు గుర్తుపడతారని, ఈ వీధిలో మాత్రం నోరు విప్పేవాడు కాదు."