నలభయ్యా, ఎనభయ్యా?

"కీ తప్పున్నది సార్," అంది మోతీబాయి.

ర్యాంకుల జాబితా గోడకు అంటించబోతున్న శ్రీపాల్ ఆగి వెనక్కి చూశాడు. మహబూబాబాద్‌లోని ఆ కోచింగ్ సెంటర్‌లో అతను ఫిజిక్స్ చెబుతాడు. నిన్నటి పరీక్షకు జవాబుల కీ తయారుచేసి పిల్లలకు పంచింది కూడా అతనే. ఎదురుగా ఉన్నది తన విద్యార్థిని సంగీత తల్లి. తండా నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. చేతిలో నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఉంది.

ఆ జాబితా చూసే పిల్లలను సెక్షన్లుగా విడగొడతారు. మార్కుల కోసం తల్లిదండ్రులు రావడం అతనికి కొత్త కాదు. కీ తప్పన్నవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు. అయినా ఓపికగానే కాగితం అందుకున్నాడు.

పదిహేడో లెక్క. తిరిగే పీట మీద ఒక మనిషి చేతులు చాచి నిలబడ్డాడు. నిమిషానికి ఇరవై చుట్లు తిరుగుతున్నాడు. చేతులు దగ్గరికి ముడుచుకోగానే జడత్వ భ్రామకం నాలుగో వంతుకు తగ్గింది. ఇప్పుడెన్ని చుట్లు? కీలో నలభై. కాగితంలో ఎనభై.

శక్తి మారదు కాబట్టి నలభయ్యే వస్తుందని శ్రీపాల్ నెమ్మదిగా వివరించాడు.

"చేతులు గుంజుకునుడు ఉత్తగనే అయితదా సార్? బలం పెట్టాలె కదా. గా పని శక్తిల కలుస్తది. మారనిది కోణీయ ద్రవ్యవేగం ఒక్కటే."

బిడ్డ బాగానే నేర్పి పంపిందనుకున్నాడు శ్రీపాల్. నవ్వొచ్చింది. కాగితం మీది మెట్లు ఒక్కొక్కటే చూస్తుంటే ఆ నవ్వు ఆగిపోయింది. బయటినుంచి తిప్పే బలమేదీ లేదని మొదటి వాక్యంలోనే రాసి ఉంది. జడత్వ భ్రామకం నాలుగో వంతైతే వేగం నాలుగింతలు. ఎనభయ్యే. తను తొందరలో శక్తి సూత్రం పెట్టేశాడు.

కాస్త సిగ్గేసింది. అయినా ఆ కాగితం ఇంకోసారి చదవాలనిపించి చదివాడు. పన్నెండేళ్లుగా పాఠం చెబుతున్నా బోర్డు మీద తనెప్పుడూ ఇంత శుభ్రంగా రాయలేదు. జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. కీ దిద్ది అందరి మార్కులూ మళ్లీ వేస్తానని చెప్పాడు. మోతీబాయి ముఖం విప్పారింది.

"సంగీతకు నాలుగు మార్కులు కలుస్తయమ్మా. ఫస్టు సెక్షన్‌ల కూసుంటది."

"కలువయి సార్, పోతయి. అది మీ లెక్కనే నలభై రాసింది," అంది మోతీబాయి తృప్తిగా. "ఎనభై నేను చేసిన."