బొమ్మ నిలబడిన చోటు

ఫోన్ సరిగ్గా పదింటికి మోగింది. సాయి తేజ స్పీకర్ ఆన్ చేసి తన సెల్‌ని దివాకర్ చేతిలో పెట్టాడు.

"టెన్షన్ పడకు అన్నా. ఇది క్రాక్ చేసెయ్, లైఫ్ సెట్ అయిపోతుంది."

అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్లోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఆరుగురుంటారు. అందరూ ఎమ్మెస్ ముగించినవాళ్లే. ఉద్యోగం లేకుండా తొంభై రోజులు దాటితే పెట్టే బేడా సర్దుకోవాలి. ఎనభై తొమ్మిదో రోజున మేధావి, తొంభై ఒకటో రోజున దొంగ. అమెరికా లెక్క అది. ఫ్రిజ్ మీది కేలండర్‌లో ఎర్ర పెన్నుతో కొట్టేసిన గళ్లు ఎనభై ఆరు. తలుపు పక్కన దివాకర్ సూట్‌కేస్ సర్ది ఉంది.

ఉద్యోగం ఒక మ్యూజియంలో. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట రోడ్స్ అనే గ్రీకు దీవిలో సూర్యుడికి కంచు విగ్రహం కట్టారు. పదంతస్తుల ఎత్తు. యాభై ఏళ్లు దాటగానే భూకంపానికి మోకాళ్ల దగ్గర విరిగి పడింది. అసలెక్కడ నిలబడిందో ఇప్పటికీ తేలలేదు. దాన్ని కంప్యూటర్‌లో కట్టి చూపించే మనిషి కావాలి వాళ్లకి.

దివాకర్‌కి అది మూడేళ్ల పిచ్చి. అసైన్‌మెంట్లు ఎగ్గొట్టి మరీ లైబ్రరీలో దాని గురించి చదివాడు. రూమ్‌లో చెప్పబోతే అందరూ నవ్వేవాళ్లు.

"విరిగిపోయిన బొమ్మ ఎక్కడుంటే మనకేంటన్నా?" అనేవాడు సాయి తేజ.

ఇవాళ మాత్రం అతనే టీ పెట్టిచ్చి, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. దివాకర్ తెల్లారినప్పటినుంచీ రెజ్యూమే బట్టీ పట్టాడు.

"విగ్రహం కాళ్ల మధ్యనుంచి ఓడలు వెళ్లేవని అన్ని పుస్తకాల్లోనూ బొమ్మలుంటాయి కదా?" అడిగింది మ్యూజియం ఆవిడ మార్గరెట్.

"అబద్ధమండీ. అలా కట్టాలంటే రేవుని ఏళ్ల తరబడి మూసెయ్యాలి. పడితే నీళ్లలో పడాలి. కానీ అది నేల మీదే పడి ఉందని పాతవాళ్లు రాశారు. దాని బొటనవేలికి చేతులు చుట్టడం కూడా కష్టమేనట. నన్నడిగితే అది ఊరి పైన కొండ మీదే ఉండేది."

"మరి రేవు దగ్గర కోటలో పునాది రాళ్లున్నాయే?"

"రాళ్లని ఎవరైనా ఎక్కడికైనా మోసుకుపోతారు. రాయి దొరికిన చోటే మనిషి నిలబడ్డాడనుకుంటే ఎలా?"

ఆవిడ వదల్లేదు. ఇతనూ తగ్గలేదు. నలభై నిమిషాలు గడిచాయి. టీ చల్లారిపోయింది. మూడేళ్లలో తన మాట ఇంకో మనిషి వినడం ఇదే మొదటిసారి.

"ఇంత ప్రేమగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు," అంది మార్గరెట్. "ఇంకెవరినీ పిలవం. సోమవారం జాయినవ్వండి. వీసా సంగతి మేం చూసుకుంటాం."

సాయి తేజ లేచి గంతేసి, చప్పుడు కాకుండా రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. దివాకర్ సూట్‌కేస్ వైపు చూశాడు.

"ఆఫర్ లెటర్ కోసం మీ పేరు స్పెల్లింగ్ ఒకసారి చెప్తారా?"

తన తొంభై గళ్లూ పోయిన నెలలోనే కొట్టేసుకున్న దివాకర్, ఒక్కో అక్షరం విడదీసి, ఎదురుగా నిలబడ్డ సాయి తేజ పేరు చెప్పాడు.