పోచయ్య నడిపిన మోటారు

గద్వాల దారిలోని మా అట్టల మిల్లులో డీసీ మోటారు, ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయరు మీద నడుస్తుంది. వేగం తగ్గిస్తే పవర్ ఫ్యాక్టర్, అంటే తీసుకున్న కరెంటులో పనికొచ్చే వాటా, పడిపోతుంది. దాన్ని నిలబెట్టే కెపాసిటర్లు మెయిన్ ఆపేశాక కూడా కరెంటును పట్టి ఉంచుతాయి. ఐదు నిమిషాలు ఆగి, మిగిలిన కరెంటును నేలలోకి దించే ఎర్త్ రాడ్ తాకించాకే వాటిని ముట్టుకోవాలి. పోయిన నెల యజమాని జితేందర్ తొందరపెడితే, ఆపరేటర్ పోచయ్య ఆగకుండా ముట్టుకుని చనిపోయాడు.

ఈ రాత్రి మళ్ళీ ఒక కెపాసిటర్ ఉబ్బింది. మెయిన్ నేనే ఆపాను. మోటారు కదలడం లేదు. అయినా పవర్ ఫ్యాక్టర్ మీటరు ముల్లు మెల్లగా దిగుతోంది, అట్ట తెగకుండా పోచయ్య మోటారును నిదానంగా నడిపినప్పటిలాగే.

"సార్, జర ఆగుండ్రి, ఇంక ఐదు నిమిషాలు కాలే," అన్నాను.

"మీటర్ ఖరాబైందయ్యా. పోచయ్య దయ్యమై పట్టిండా ఏంది నీకు? లోడ్ పొద్దుగాల్ల పోవాలె. జరుగు, నేనే మారుస్త," అంటూ జితేందర్ ప్యానెల్ తలుపు తీశాడు.

రాడ్ కోసం చూశాను. కొక్కేనికి లేదు. వెనక చీకట్లో ఎవరో దాన్ని నేలమీద ఈడ్చుకుంటూ దూరంగా తీసుకుపోతున్న చప్పుడు వినిపించింది.

"సార్, ముట్టకుండ్రి!"

ఆయన చెయ్యి లోపలికి వెళ్తోంది. అప్పుడు నా భుజాన్ని ఎవరో మెత్తగా పట్టుకున్నారు.

"నువ్వు దూరం ఉండన్నా," అన్నాడు పోచయ్య.