నీలం మూత

తువాలు దులపగానే అందులోంచి నీలం మూత ఒకటి జారిపడి, బావి మెట్ల మీద టకటకా దొర్లింది. స్వరూప వంగి తీసుకుంది. ఐదు లీటర్ల మంచినూనె డబ్బా మూత! ఆ డబ్బా ఇప్పుడు కూతురు తేజస్విని వీపున కట్టి ఉంది. తేజస్విని నడిబావిలో ఉంది.

మూత లేని డబ్బాలో నీళ్లు నిండకుండా ఉంటాయా? తొమ్మిదేళ్ల పిల్ల, ఈతకు దిగి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. డబ్బా లేకుండా దిగితే కాళ్లు విరగ్గొడతానని తనే రోజూ బెదిరించి పంపుతోంది.

"నబీ సాబూ!" అంటూ మూత చూపించింది.

మెట్టు మీద కూర్చున్న ముసలాయన దిగ్గున లేచాడు. వడ్డేపల్లిలో సగం మంది పిల్లలకు ఈత నేర్పిన మనిషాయన. ఒక్కర్నీ నీళ్లలోకి తోసిందీ లేదు, తిట్టిందీ లేదు. గులకరాళ్లు వేసి, తెమ్మని ఆడిస్తూ నేర్పుతాడు.

"సప్పుడు జెయ్యకు బిడ్డా! పొద్దున నేనే బిగించిన. ఎట్ల ఊడిందో ఏమో."

"నా పిల్ల మునుగుతది సాబూ, జల్ది దుంకు!"

"దుంకితె బెదురుతది. బెదిరితె నీళ్లు మింగుతది. డబ్బా ఉందన్న ధైర్యంతోనే తేలుతది. నువ్వు నవ్వుకుంట మాట్లాడు, నేను మెల్లగ పోత."

నవ్వాలట! చెప్పడం ఎంత తేలికో. స్వరూప ఎలాగో పళ్లు బయటపెట్టింది.

"తేజూ, ఇంగ చాలు. ఆకలైతలేదా?"

"జరసేపాగే అమ్మా!"

"జొన్నరొట్టెలు చేసిన, పల్లీల పొడి దంచిన. రా తల్లీ!"

నబీ సాబ్ జేబులో సెల్‌ఫోన్ ఉందన్న సంగతే మరిచి నీళ్లలోకి జారాడు. పిల్ల ఇంకా రెండు బారల దూరంలో ఉంది.

"అమ్మా, ఇటు చూడు!" అని అరిచి, తేజస్విని బుడుంగుమని మునిగిపోయింది.

కాసిని బుడగలు వచ్చాయి. ఆ తర్వాత అవీ లేవు. నబీ సాబ్ మునిగి, ఉత్త చేతులతో పైకి తేలాడు.

"అయ్యో, నా బిడ్డ!" స్వరూప కేకకు గోడల్లోని పావురాలన్నీ లేచిపోయాయి. తనకు ఈత రాదు. అయినా ఆగకుండా మెట్లు దిగుతూ నడుం లోతుకు పోయింది.

మోకాళ్లకు ఏదో తగిలింది. పక్కనే తేజస్విని తల పైకి లేచింది. పిడికిట్లో గులకరాయి.

"అడుగు ముట్టొచ్చిన!"

స్వరూప పిల్లను మెట్ల మీదికి లాగింది, వీపు మీద రెండు చరిచింది, వెంటనే గుండెకు హత్తుకుని ఏడ్చింది. డబ్బాలోంచి బుడబుడా నీళ్లు కారుతున్నాయి. అవి చూడగానే ముసలాయన మీద విరుచుకుపడింది.

"గిట్లనా నేర్పేది? మూత సుత చూసుకోవా? నిన్ను నమ్ముకుంటె పిల్లను సంపుతుంటివి కద!"

నబీ సాబ్ తడిసిన ఫోన్ పట్టుకుని తల దించుకున్నాడు. "తప్పు నాదే బిడ్డా. ఇంగ ఎవ్వరికీ నేర్ప."

తేజస్విని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"సాబ్ తాతనెందుకు తిడుతవే? మూత నేనే తీసి తువాలల దాస్తున్న. నాలుగు దినాలాయె. మూతుంటె అది నన్ను మునగనిస్తలేదు."

"మరి డబ్బా ఎందుకే కట్టుకునుడు?"

"నువ్వు భయపడతవని!"