రెండో సాక్ష్యం

చింతామణి టౌను కోర్టులో నాలుగేళ్లుగా నలుగుతున్న కేసు అది. పురుషోత్తమ్ తాగి కారు నడిపి, బస్సు కోసం నిలబడ్డ మనిషిని గుద్ది చంపాడు. చంపాలన్న ఉద్దేశం అతనికి లేదనీ, ఒళ్లు తెలియక జరిగిన పొరపాటనీ అతని లాయరు వాదన. ఆ మాట తల్లి నోట చెప్పించాలనే లక్ష్మీనరసమ్మను బోనెక్కించాడు.

"ఆ రోజు మీవాడికి తానేం చేస్తున్నాడో తెలీదు. అంతే కదమ్మా?"

"తెలుసు సామీ. నేను కారుకు అడ్డం నిలబడితి. తాగుండావు, ఎవురినన్నా చంపేస్తావురా అంటి. చస్తే చావనీ, నువ్వు పక్కకు జరుగు అన్న్యాడు."

లాయరు కాగితాలు మడిచి కూర్చున్నాడు. పురుషోత్తమ్ తల ఎత్తలేదు.

బయటికొచ్చి ఆమె మెట్ల మీద కూలబడింది. చనిపోయినవాడి భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"కన్నకొడుకు మీద ఎట్ల చెప్పితివమ్మా?"

లక్ష్మీనరసమ్మ ఆమె వైపు తిరిగింది.

"అంతకు ముందేడు వాడు ఇట్లే తాగి, ఒక ముసలాయన కాలు ఇరగ్గొట్టినాడు తల్లీ. కారు నడిపింది వాడు కాదని స్టేషన్లో సాక్ష్యం చెప్పి, ఇంటికి పిల్చుకొచ్చింది నేనే."